మేనమామ రక్తం

బుల్లబ్బాయి మొలతాడుకు ఒక తాళంచెవి వేలాడుతుండేది. గల్ఫ్‌లో, మనామా నగరంలోని హూరా పేటలో ఒక చైనా హోటల్ వంటగదిలో కత్తులు దాచే సొరుగుది అది. పొద్దున డ్యూటీకి రాగానే చొక్కా పైకెత్తి, నడుం వంచి, సొరుగుకు పొట్ట ఆనించి తాళం తీసేవాడు. తాడు పొట్టిది కావడంతో, తాళం తెరుచుకునేదాకా సొరుగును కౌగిలించుకున్నట్టే నిలబడాలి. తాళంచెవి విప్పి పట్టుకోవచ్చు కదా అని ఎవరైనా అంటే, "విప్పితే మాస్టరు కొట్టేస్తాడండి" అనేవాడు.

మాస్టరంటే లియాంగ్. ఆ హోటల్ పెద్ద వంటవాడు, చైనా మనిషి. అతనికి కత్తి నిషేధం. పుట్టుకతోనే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు. బాతును కోస్తూ ఒకసారి వేలు తెగితే తువ్వాళ్ల మీద తువ్వాళ్లు తడిసిపోయాయి. యజమాని కారులో వేసుకుని సల్మానియా పెద్దాసుపత్రికి పరుగెత్తాడు. తిరిగొచ్చాక హుకుం జారీ చేశాడు: పొయ్యి లియాంగ్‌ది, కత్తి బుల్లబ్బాయిది, సొరుగుకు తాళం. అంబాజీపేట దగ్గర కొబ్బరికాయలు వలుచుకునే బుల్లబ్బాయి అలా చైనా వంటలో సగం భాగస్వామి అయ్యాడు.

లియాంగ్‌కు ఇది తలవంపులుగా ఉండేది. వంటవాడికి కత్తి లేకపోవడమేమిటని ఎక్కడో ఒకచోట చిన్న కత్తి దాచేవాడు. బుల్లబ్బాయి రోజూ వెతికేవాడు. ఇద్దరూ మాట్లాడుకునేది వంటింటి హిందీ, అందులో కాస్త అరబ్బీ.

"మాస్టరూ, ఈ డబ్బాలో ఏముంది?"

"బియ్యం."

"బియ్యానికి పిడి ఉంటుందా?"

లియాంగ్ పొయ్యి వైపు తిరిగి మంట పెద్దది చేసేవాడు.

1995 వేసవిలో ఊరి నుంచి ఒక క్యాసెట్ వచ్చింది. బుల్లబ్బాయి చెల్లెలు సాయికుమారి గొంతు. "అన్నయ్యా, వింటున్నావా? శ్రావణంలో మా లక్ష్మిప్రసన్నకి చెవులు కుట్టించడానికి ముహూర్తం పెట్టించేం. మేనమామవి నువ్వొచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. నువ్వు రాకపోతే మా ఆడపడుచు మొగుడు కూర్చోబెట్టుకుంటాడంట. మా అత్త అప్పుడే అందరికీ చెప్పేసింది. ఆ మనిషి ఒళ్లో నా కూతురు కూర్చుందంటే నేను మళ్లీ నీతో మాట్లాడను. ఇంకో మాట. దాని ముక్కు అచ్చం నీదే. ఏం చేస్తాం, ఆడపిల్ల."

బుల్లబ్బాయి ఊరు వదిలి మూడేళ్లయింది. మేనకోడలిని ఫోటోలోనే చూశాడు. సెలవు అడిగాడు, దొరికింది. మనామా బజారులో శనగగింజంత బంగారు దుద్దులు కొన్నాడు. గదిలో తోడున్న నర్సింగ్‌కు వాటిని రోజూ చూపించేవాడు. నర్సింగ్‌ది మెట్‌పల్లి పక్క ఊరు, బిల్డింగుల పని. చూసి చూసి విసిగి, "అన్నా, నువ్వు ఇంకోసారి సూపిస్తే నేనే చెవులు కుట్టించుకొని పెట్టుకుంట" అన్నాడు.

అంతా సవ్యంగా సాగుతుండగా లియాంగ్ మోకాలు గుమ్మడికాయలా వాచింది. దెబ్బేమీ తగలలేదు, లోపలే రక్తం కారింది. యజమాని ఊళ్లో లేడు. బుల్లబ్బాయే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు హిందీ వచ్చిన మనిషి. సూది వేసి, మోకాలికి ఐసు పెట్టించి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగాడు. లియాంగ్ వేళ్లు మడిచి చెప్పాడు. వాళ్ల అమ్మ తమ్ముడికి ఉండేది. పన్ను పీకించుకుని ఆ రక్తం ఆగక పోయాడు. అంతకుముందు ఆయన మేనమామకూ ఉండేదట.

"అంతే. మేనమామకు ఉంటే మేనల్లుడికి రావచ్చు" అన్నాడు డాక్టరు, రాసుకుంటూ.

బుల్లబ్బాయి ఆ ఒక్క మాట పట్టుకుని గదికి వచ్చాడు. మన దగ్గర పిల్లలకు ముక్కు, కోపం, తిండి యావ, అన్నీ మేనమామ పోలికలే. ముక్కు వచ్చినప్పుడు రక్తం రాదా? మర్నాడు ఉల్లికాడలు కోస్తుంటే వేలు గీసుకుంది. నీళ్ల తొట్టిలో చెయ్యి పెట్టి చూస్తూ నిలబడ్డాడు. తడి చేతికి రక్తం ఆగుతుందా? ఆగలేదు. అనుమానం ఖాయమైపోయింది.

రుజువు కోసం గదిలో గుండుసూదితో ఇంకో వేలు పొడుచుకున్నాడు. ఎంతసేపటికి ఆగుతుందో చూడమని నర్సింగ్‌ను ఎదురుగా కూర్చోబెట్టాడు. రక్తం కనబడగానే నర్సింగ్ గుప్పెడు కాఫీపొడి తెచ్చి కుక్కేశాడు.

"నీ దుంప తెగ, చూడమంటే కుక్కేవేంట్రా!"

"రక్తం గారుతుంటె సూసుకుంట కూసోమంటవా అన్నా?"

"నాకు మాస్టరు జబ్బుందిరా. నేను ఒళ్లో కూర్చోబెట్టుకుని చెవులు కుట్టిస్తే, పిల్లకి రక్తం ఆక్కపోతే?"

"నీకేమన్న పిచ్చి లేసిందా? ఆ పోరికి నీ ముక్కొచ్చింది. గంతకన్న కష్టమేముంటది?"

బుల్లబ్బాయికి నవ్వు రాలేదు. ప్రయాణం మానుకుంటానన్నాడు. దుద్దులు పెట్టె అడుగున దాచేశాడు. మర్నాడు సొరుగు తాళం తీశాడు గాని కత్తి పట్టలేదు.

దాంతో హోటల్‌కు పీకలమీదికి వచ్చింది. కోళ్లు కోళ్లలాగే ఉన్నాయి, క్యాబేజీలు క్యాబేజీల్లాగే ఉన్నాయి. వడ్డించే కుర్రాళ్లు వచ్చి ఆర్డర్లు అరిచి వెళ్తున్నారు. వాచిన మోకాలిని స్టూలు మీద చాపుకుని కూర్చున్న లియాంగ్ కాసేపు చూశాడు.

"నువ్వు కత్తి లేదు. నేను కత్తి లేదు. కోడి తనే కోసుకుంటుందా?"

"నాకూ అదే జబ్బు మాస్టరూ."

"ఏ జబ్బు?"

"మీదే. మేనమామ జబ్బు."

సంగతంతా విన్నాక లియాంగ్ కత్తి కోసం చెయ్యి చాపాడు. బుల్లబ్బాయి సొరుగు మూసేసి దానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆ పూట కోసింది ఏదీ లేదు. వచ్చినవాళ్లందరికీ నూడుల్సూ గుడ్డూ పెట్టి పంపారు.

ఆ వారంలో లియాంగ్‌కు మోకాలు చూపించుకునే రోజు వచ్చింది. ఈసారి అతనే బుల్లబ్బాయిని రెక్క పట్టుకుని తీసుకెళ్లి డాక్టరు ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. తను నిలబడ్డాడు.

డాక్టరు మొత్తం విని తల పట్టుకున్నాడు. "మేనమామ ఇవ్వడయ్యా. ఇచ్చేది తల్లి. ఒకే తల్లి నుంచి కొడుక్కి వస్తుంది, కూతురి ద్వారా మనవడికి వస్తుంది. మేనమామ కూడా పుచ్చుకున్నవాడే."

"అయితే మా అమ్మ ఇచ్చిందాండీ?"

"అసలు నీకుంటే కదా! ఎప్పుడైనా పన్ను పీకించుకున్నావా?"

"రెండు పీకేరండి, ఒకేసారి."

"రక్తం ఆగిందా?"

"ఆగకేమండి. ఆ సాయంత్రమే పీతల కూర తిన్నాను."

డాక్టరు నవ్వేశాడు. లియాంగ్‌కు మాత్రం ఆ జవాబు మళ్లీ చెప్పించుకోవలసి వచ్చింది. "రెండు పళ్లా?" అన్నాడు. బుల్లబ్బాయి నోరు తెరిచి చూపించాడు. లియాంగ్ దగ్గరికి వంగి ఆ ఖాళీల వైపు చాలాసేపు చూసి, వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

అయినా పరీక్ష చేస్తేగాని లేవనని బుల్లబ్బాయి కుర్చీ పట్టుకున్నాడు. రక్తం తీశారు. సూది గుచ్చినచోట దూది పెట్టి మడిచిన మోచెయ్యి బస్సులోనూ తెరవలేదు. రెండురోజుల తర్వాత అంతా మామూలే అని తేలింది. ఆ సాయంత్రం కోళ్లన్నీ ముక్కలయ్యాయి. దుద్దులు పెట్టె పైకి వచ్చాయి. నర్సింగ్ దుప్పటి ముసుగు పెట్టేశాడు.

ప్రయాణం రోజు మొలతాడు నుంచి తాళంచెవి విప్పి యజమానికి అప్పగించాడు. ఆయన దాన్ని జేబులో వేసుకున్నాడు. జేబును లియాంగ్ గమనించాడు. లియాంగ్ గమనించడం బుల్లబ్బాయి గమనించాడు. ఒక మొలతాడు కొనుక్కోమని యజమానికి సలహా ఇచ్చి విమానం ఎక్కాడు.

శ్రావణంలో అనుకున్న ముహూర్తానికే లక్ష్మిప్రసన్న మేనమామ ఒళ్లో కూర్చుంది. అరటిపండు తింటూ, పరాయి ముఖంలోని తన ముక్కును అనుమానంగా చూసింది. బంగారప్పని భీమరాజు మొదటి చెవి కుట్టగానే, అరటిపండు వదిలేసి మేనమామ బొటనవేలిని కొరికింది. రెండో చెవి కుట్టేదాకా వదల్లేదు.

పిల్ల చెవుల నుంచి వచ్చింది రెండు చుక్కలు. బుల్లబ్బాయి వేలి నుంచి నాలుగు.