కవరు కింది బండి

మా ఆయన దుబాయి నుంచి రెండు నెల్ల సెలవు మీద అచ్చిండు. అచ్చిన మూడో రోజే బండి అమ్ముతా అన్నడు. రెండున్నరేండ్ల సంది కవరు కింద ఉత్తగ నిలవడి తుప్పు పడుతుందట. కోరుట్లల ఎవలతోనో మాట కూడ అయిపోయింది, సోమవారం ఇంటికచ్చి చూసుకుంటడట. ఎట్లనన్న అమ్మనియ్యొద్దు అనుకున్న.

ఎందుకంటె ఆ బండి ఒక్కనాడు ఉత్తగ నిలవడలే. నాలుగేండ్ల సంది నేనే నడుపుతున్న. బిడ్డను బడికి దించుడు, అత్తమ్మను దవఖానకు తీస్కపోవుడు, యూరియా బస్త తెచ్చుడు, రుద్రంగి అవుతల మా తల్లిగారింటికి పోవుడు, అన్ని దాని మీదనే. ఆయన వీడియో కాల్ చేసినప్పుడు మాత్రం కవరు కప్పేదాన్ని. అత్తమ్మ గూడ నా దిక్కే, కొడుక్కు చెప్పలే. కిందటిసారి సెలవుకచ్చినప్పుడు గూడ కనిపెట్టలే. మీటరు వైరు ఎప్పుడో తెగింది. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తెల్వకపోవుడే మంచిగయింది.

దొంగలెక్క ఎందుకు దాసినవంటరా? మొదట్ల చెప్పిన. నేర్చుకుంటున్న అని ఫోన్ల చెప్తె పడీపడీ నవ్విండు. ఆడోళ్లు గేరు బండి మీద పోతె ఊరంత నవ్వుతది, స్కూటీ కొనిస్త తీ అన్నడు. ఆ స్కూటీ ఇంక దుబాయిలనే ఉన్నది. నాకు కోపమస్తె అరువ, నోరు మూసుకుంట. అప్పటి సంది మూసుకునే ఉన్న.

అమ్మేముందు ఒకసారి ముగ్గురం తిరిగొద్దామన్నడు. జగిత్యాల ఖిల్లా, సిరిసిల్ల కాడి డ్యాం చూసి, ఎల్లారెడ్డిపేటల ఆడబిడ్డ ఇంట్ల పండుకొని, తెల్లారి రుద్రంగి మీదికెళ్లి కోరుట్లకు మర్లచ్చుడు. మా బిడ్డకు తొమ్మిదేండ్లు, ఎగిరి గంతేసింది. నేను తొవ్వల ఎక్కడ్నో ఒక్కకాడ చెప్పేద్దామనుకున్న. సోమవారం లోపల చెప్పకపోతె బండి పోయినట్టే.

శనివారం పొద్దుగాల బండి ఒక్క కిక్కుకే స్టార్టయింది, నువ్వస్తున్నవని మెకానిక్‌కు చూపిచ్చిన అన్న. మీద కూసోంగనే అద్దాలు చూసి గులిగిండు. ఎవలు తిప్పిండ్రు గింత కిందికి అన్నడు. గల్లీల పోరగాండ్లు ఆడుకుంటరన్న. రెండు అద్దాలు పైకి తిప్పుకున్నడు. బిడ్డ నా దిక్కు చూసింది, నేను కండ్లెర్ర జేసిన.

ఊరు దాటినంక ఇంకో కథ. ఆయన పన్నెండేండ్లు అక్కడ లారీ తోలిండు, అక్కడ బండ్లన్ని రోడ్డుకు కుడి పక్క పోతయి. నడుస్తున్నంత సేపు మంచిగనే ఉంటడు. ఒక్కసారి ఆగి మళ్ల ఎక్కిండంటె సక్కగ కుడి దిక్కే పోతడు. చాయ్ తాగి బయల్దేరితె కుడి, పెట్రోల్ పోయించుకుంటె కుడి. నేను భుజం మీద చరిచి ఎడమకు అనుడు, ఆయన తెలుసు తీ అనుడు. జగిత్యాల చేరేసరికి బిడ్డనే ఆ డ్యూటీ తీసుకున్నది. నడుమ కూసొని, బండి కదలంగనే "డాడీ, ఎడమ" అనేది. నవ్వుకుంట పోయినం.

ఖిల్లా మంచిగున్నది. చుట్టు కందకం, గోడ మీద పాతకాలం ఫిరంగి తోపులు. బిడ్డ ఒక తోపు మీద ఎక్కి కూసొని దిగనన్నది. చెప్తె ఇక్కడనే చెప్పాలె అనుకున్న. ఆయనేమో బిడ్డకు ఫోటోలు తీసుకుంట మస్తు ఖుషీగ ఉన్నడు. ఇంకోకాడ చెప్దాం తీ అనుకున్న.

కొండగట్టు దాటినంక బండి ఆగిపోయింది. కిక్కు కొట్టిండు, ప్లగ్గు ఇప్పి తుడిసిండు, కార్బరేటరే పోయిందన్నడు. చెమటలు కారవట్టె. దాని రోగం నాకు తెలుసు. పెట్రోల్ ట్యాంకు మూతకు సన్న బొర్ర ఉంటది, దుమ్ముతోని మూసుకపోయిందంటె గాలాడక పెట్రోల్ కిందికి దిగదు. మూత ఒకసారి తీసి పెడితె సాలు. అరగంట ఓపిక పట్టిన. ఎండకు బిడ్డ మొఖం కమిలిపోతుంటె ఇగ ఉండలేక, మూత తీసి చూడరాదు అన్న. తీసిండు, బుస్సుమన్నది. బటన్ ఒత్తంగనే స్టార్టయింది. నీకెట్ల తెలుసన్నడు. మెకానిక్ చెప్పిండన్న. అబద్ధమైతె కాదు. నాకే చెప్పిండు, అది గూడ నాలుగుసార్లు.

సిరిసిల్లల బట్ట నేసే సాంచెల చప్పుడు గల్లీ గల్లీకి వినవడుతనే ఉన్నది. నేను రెండు తువ్వాలలు కొన్న. డ్యాం కట్ట మీద గాలికి నిలవడరాలే. అవుతలి ఒడ్డు కనవడనంత నీళ్లు చూసి బిడ్డ సముద్రం అన్నది, ఆయన కాదని చెప్పలే. ఆడబిడ్డ ఇంట్ల కోడికూర తిని పండుకున్నం. అక్కడ గూడ చెప్పలే.

ఆదివారం మర్లస్తుంటె రుద్రంగి ఇంకింత దూరముందనంగ ఎనుక టైరు పంచరయింది. ముగ్గురం తోసుకుంట పంచర్ దుకాణం దాంక పోయినం. ఏ దుకాణమో చూసి నేను బండి ఎనుకకు జరిగిన. తల్లిగారింటికి పోయినప్పుడల్ల నేను గాలి కొట్టిచ్చుకునేది అక్కడనే. ముసలాయనను చాచా అంట. చాచా బండిని చూసిండు, నన్ను చూసిండు.

"ఏం బిడ్డా, మళ్ల ఎనుక టైరేనా? గుంతలల్ల నిమ్మళంగ తోలుమన్న గదా," అన్నడు. తర్వాత మా ఆయన దిక్కు తలెత్తి, "ఈయనెవలు?" అని అడిగిండు.

మా ఇంటాయన అన్న. చాచాకు పాపం ఏం తెలుసు, నీ భార్య బండి మంచిగ నడుపుతది భాయ్ అని ట్యూబు నీళ్లల ముంచుకుంట మెచ్చుకుంటనే ఉన్నడు. మా ఆయన పంచర్ అయ్యేదాంక రోడ్డు దిక్కే చూసుకుంట నిలవడ్డడు.

ఎక్కినం. బిడ్డ భయానికి ఎడమ అనుడు మరిచిపోయింది, నేను గూడ మరిచిపోయిన. మలుపు తిరగంగనే ఎదురుంగ వడ్ల లారీ. మేం కుడి పక్కన ఉన్నం. ఆయన హ్యాండిల్ ఎట్ల తిప్పిండో ఏమో, బండి పోయి ఎడమ దిక్కు మట్టిల ఆగింది. లారీ హారన్ కొట్టుకుంట పోయింది. ఎవలకు ఏం కాలే. బిడ్డ చెప్పు ఒకటి రోడ్డు మీద పడ్డది.

ఆయన దిగి పోయి ఆ చెప్పు తెచ్చి బిడ్డ కాలికి తొడిగిండు. ఎన్నేండ్ల సంది నడుపుతున్నవన్నడు. నాలుగేండ్లన్న.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన. నువ్వు నవ్వినవ్."

ఆయన తాళంచెవి తీసి నా చేతుల పెట్టి, పోయి ఎనుక కూసున్నడు. చీర కొంగు దోపుకొని నేను ముందు కూసున్న. బండి కదిలింది, బిడ్డ ఎడమ అనలే.

కోరుట్ల దగ్గరికి అచ్చినంక ఎనుక నుంచి మెల్లగ మాట్లాడిండు. అక్కడ రూముల పండుకున్నప్పుడు గీ బండి యాదికచ్చేదట. కవరు కప్పుకొని తన కోసం నిలవడి ఉంటది అనుకునేటోడట. గట్ల నిలవడి పాడైపోతుంటె మనసుకు పట్టక అమ్ముదామనుకున్నడట. నాకు ఏడుపచ్చింది. నాలుగేండ్ల కోపం పోయిందంటె అబద్ధం, జర తగ్గింది.

"అది నిలవడలే," అన్న. "నీ బిడ్డను బడికి తీస్కపోయింది."

సోమవారం కొనేటాయన చెప్పిన టైముకే అచ్చిండు. బండి చుట్టు తిరిగి, టైర్లు ఒత్తి చూసి, ఖాయం చేసుకుందామా అని మా ఆయనను అడిగిండు. మా ఆయన టీ కప్పు ఆయన ముందు పెట్టి, బండి నాది కాదు, ఆమెను అడుగు అన్నడు. కొనేటాయన నా దిక్కు తిరిగిండు. ఇయ్యను అన్న. రెండు రోజుల సంది మనసుల అనుకున్న మాటలు ఎన్నో ఉండె, గదొక్కటే అచ్చింది.

కొనేటాయన టీ తాగి పోయిండు. మా ఆయన లేచి బండి మీది కవరు మడిచి అటుకు మీద ఏసిండు. రెండు అద్దాలు నా ఎత్తుకు కిందికి తిప్పి, కూసొని చూడు, ఎనుక కనవడుతుందా అని అడిగిండు. కూసున్న. అద్దంల ఆయన, ఆయన చెయ్యి పట్టుకొని బిడ్డ నిలవడ్డరు. కనవడుతున్నది అన్న.