మా అమ్మ నోట మా బాపు పేరు

నా చిన్నప్పుడు, బోధన్‌లో చెరుకు ఫ్యాక్టరీ వెనుక ఉన్న మా గల్లీలో ఏ ఆడమనిషీ మొగుడి పేరు పలికేది కాదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని భయం. ఓటర్ల లిస్టు రాసేవాడు వచ్చి అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయేవాళ్లు. మగవాళ్లు డ్యూటీలో ఉండేవారు. అతను రాయకుండానే వెళ్లిపోయేవాడు. ఓట్లు లేని గల్లీకి నల్లా ఎవడు వేయిస్తాడు? పక్క గల్లీ నల్లా దగ్గర వాళ్లందరూ నీళ్లు పట్టుకున్నాకే, వాళ్లతో నాలుగు మాటలు పడ్డాకే, మా బిందె నిండేది.

ఒక ఏడు ఎప్పట్లాగే ఓట్ల నాడు మా ఆడవాళ్లంతా పేర్లు లేవనిపించుకుని తిరిగొచ్చారు. మర్నాడే పక్కింటి అక్క బీడీల చాట చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. ఓట్లు అయిపోయాక ఎందుకే అని అందరూ నవ్వారు.

"అయిపోయినంకనే మొదలువెట్టాలె. ఓట్లప్పుడే వస్తే నేను గూడ ఆ జెండాలోళ్ల లెక్కనే అయిత," అంది.

రోజుకో వాకిట్లో కూర్చుని అందరితో కలిసి బీడీలు చుట్టేది. కట్ట కట్టిన ప్రతిసారీ కట్టినామె మొగుడి పేరు చెప్పాలని ఆట పెట్టింది. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయారు. చెరుకు బండ్ల కాలం వచ్చి పోయేసరికి చాలామందికి నోరు తిరిగింది. మా అమ్మ ఒక్కతే తలవంచుకుని చుట్టేది. మా బాపు దగ్గుతో మంచాన పడి ఉన్నాడు మరి. అక్క బలవంతం చేయలేదు. "నువ్ చెప్పకు చిన్నమ్మ, నీ బిడ్డ చెప్తది," అంది.

లిస్టులో పేర్లు ఎక్కించే రోజు అందరం కలిసి ఆఫీసుకు పోయాం. వరుసగా అందరూ చెప్పారు. అమ్మ వంతు రాగానే నేను నోరు తెరిచాను. గుమాస్తా నన్ను కసిరాడు. మొగుడి పేరు చెప్పడం రానివాళ్లకు ఓటెందుకని నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. అక్క అమ్మ వంకే చూస్తోంది. అమ్మ నోటి మీంచి కొంగు తీసింది. ఇంటిపేరుతో సహా బాపు పేరు చెప్పింది.

"రాసుకో. ఇనవడకుంటే మళ్ల చెప్త," అంది.

ఇంటికొచ్చి మంచం పక్కన కూలబడి ఏడ్చింది. సంగతి విని బాపు మంచం మీద లేచి కూర్చున్నాడు. తర్వాత, "ఏదీ, నా ముందట ఒకపారి చెప్పు," అన్నాడు. చెప్పింది. అన్నేళ్ల సంసారంలో ఆ నోట తన పేరు వినడం ఆయనకదే మొదలు.

ఆ తర్వాత ఆయన ఇరవై ఏళ్లు బతికాడు. గల్లీకి నల్లా కూడా చూసే పోయాడు.

ఇప్పుడు లిస్టు ఫోన్లోకి వచ్చింది. మాయమయ్యే పేర్లు మాత్రం ముందుగా మా గల్లీవే. అందుకే ఓట్లయిన మర్నాడే ఇల్లిల్లూ తిరగడానికి బయల్దేరతాను. ఇప్పుడెందుకు అవ్వా అని కొత్త కోడళ్లు అడిగితే మా అక్క మాటే చెబుతాను. మొన్న ఒక ఆఫీసరు, ఈ వయసులో నీకీ తిరుగుడెందుకని విసుక్కున్నాడు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. ఇంకా నలుగురి పేర్లు ఉన్నాయి, రాసుకో అన్నాను.