కదిరప్ప నాలుక

కదిరప్పకు దేన్నయినా నోట్లో వేసుకుంటే తప్ప నమ్మకం కుదరదు. మట్టి, సున్నం, ఇటుక ముక్క, ఏదైనా సరే నాలుక్కి తగిలించి, కళ్లు మూసుకుని, చప్పరించి తీర్పు చెప్తాడు. మిద్దెల మీద చౌడు పరచడం ఆయన పని. వాన నీళ్లు లోపలికి దిగకుండా ఆపే ఆ ఉప్పుమన్నును ఎక్కడ తవ్వాలో నాలుకే చెప్పేది. పెళ్లిచూపులకు పోయి, పిల్లను చూడకుండా వాళ్ల గోడ నాకి వచ్చాడని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సంబంధం కుదరలేదని వేరే చెప్పక్కర్లేదు.

హేమావతి కాపురానికి వచ్చిన ఏడాదే వంటింట్లో పొయ్యి మీది పొగగూడు చుట్టూ గోడ చెమ్మగిల్లింది. వానా? చుక్క పడలేదు. పడమటి నుంచి మబ్బులొచ్చి ఊరిని చూసి పోయేవి, అంతే. మబ్బు పట్టినప్పుడల్లా గోడ మాత్రం తడిసేది. రాయదుర్గంలో స్లాబు ఇంట్లో పెరిగిన కోడలికి పొయ్యి రాజేయడం రాదనీ, ఆవిరంతా గోడకు పట్టిస్తోందనీ అత్త ఓబమ్మ వీధంతా చాటింది. పుట్టింటికి పంపి పని నేర్పించమంటానని కూడా అంది. చివరికి ఆ మిద్దెకు చౌడు పరిచిన కదిరప్పనే పిలిపించారు.

ఆయన మిద్దెక్కి పొగగొట్టం చుట్టూ తిరిగి, దిగివచ్చి గోడ నాకాడు. కళ్లు తెరిచి నేరుగా హేమావతిని చూశాడు. తర్వాత ఓబమ్మ వైపు తిరిగాడు.

“తప్పు నాదే వదినా. పొగగొట్టం కాడ చౌడు సరిగ్గా కూరలేదు నేను.”

“వానే లేదు కదప్పా?”

“మంచు దిగుతాండాది.”

ఆ పూట అక్కడే అన్నం తింటూ, “గోడకుండే ఉప్పు నీ పప్పులో లేదు గదా కోడలా” అన్నాడు. హేమావతికి ఒళ్లు మండింది. ఇల్లు పాడుచేసింది కాక వంటకు వంకలా! మిద్దె వేయడం రానివాడని అత్త కంటే గట్టిగా తనే ప్రచారం చేసింది. మంచుకే కారే మిద్దెను వానకు ఎవరు నమ్ముతారు? మెల్లగా ఊళ్లో ఆయన్ను పిలవడం మానేశారు.

ఇన్నేళ్లకు, ఈ ఎండాకాలం పక్కింటి మారెక్క మిద్దెకు వేరెవరో చౌడు పరుస్తుంటే హేమావతి తట్టలందించడానికి వెళ్లింది. గాలికి మన్ను ఎగిరి పెదవి మీద పడింది. ఉప్పగా ఉంది. తట్ట అక్కడే పడేసి ఇంటికి పరుగెత్తి, పొగగూటి గోడకు నాలుక ఆనించింది. అదే ఉప్పు. కొత్త కోడలిగా ఉగాదికి ఇల్లు అలుకుతూ, మట్టి చాలక, పెరట్లో కుప్పగా ఉన్న మన్ను తెచ్చి అక్కడ మెత్తింది తనే. అది మిద్దెకు తెప్పించిన చౌడని ఆమెకేం తెలుసు! మబ్బు పట్టినప్పుడల్లా గాలిలో తేమ లాగి ఆ ఉప్పు చెమర్చేది. కదిరప్పకు మొదటిరోజే తెలిసింది. తెలిసే తన పేరు పోగొట్టుకున్నాడు. తనేమో వీధివీధీ తిరిగి ఆ పేరును ఇంకాస్త తొక్కింది. ఎంత పని చేసింది! పోయిన ఏళ్లను ఇప్పుడెవరు తెచ్చిస్తారు?

గోడ పెళ్ల ఒకటి ఊడదీసి, పప్పుగిన్నెతో కదిరప్ప ఇంటికి నడిచింది. “యాడికే?” అంటూ ఓబమ్మ వెంటపడింది. అరుగు మీద ఆయనతో పాటు నలుగురు కూర్చుని ఉన్నారు.

“ఆ గోడకు చౌడు పూసింది నేను మామా. నీ మిద్దెలో ఏం తప్పులేదు” అని హేమావతి అందరూ వినేలా చెప్పింది.

కదిరప్ప పెళ్ల కొరికి చప్పరించాడు. “కాదమ్మా, మంచే” అన్నాడు.

ఓబమ్మ ఆ పెళ్ల లాక్కుని తనూ నాకింది. మొహం చిట్లించింది. కోడలిని ఒక చూపు చూసింది.

“నీకు అబద్ధం చేతగాదు కదిరప్పా. మా మిద్దె మీద చౌడు పాతబడిపోయినాది. రేపు పొద్దున్నే వచ్చి ఏసిపో” అంది.

కదిరప్ప గిన్నె అందుకుని, వేలితో పప్పు నాలుక్కి రాసుకుని కళ్లు మూసుకున్నాడు.

“ఇంకా తక్కువే కోడలా” అన్నాడు.