ఇంకో మిషన్ మీద?

ఏలియాకు ఒక్కటే జబ్బు. ఏదైనా ఒకచోట పనిచేస్తే నమ్మడు. కరీంనగర్‌లోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఎవరైనా "నడిచిందన్నా!" అని గంతేస్తే చాలు, పక్క కంప్యూటర్ చూపించి "ఇంకో మిషన్ మీద?" అంటాడు.

పెండ్లిచూపుల్లో మహిమ పాట పాడితే, "వంటింట్ల గూడ గిట్లనే పాడుతవా?" అని అడిగాడట. "వచ్చి వినుర్రి," అందామె. అట్లా పెండ్లయింది.

ఓ శుక్రవారం టీం లీడర్ నర్మదకు ఓపిక నశించింది. వేములవాడ నేతకార్మికుల సంఘం కోసం ఆమె రాసిన పింఛను దరఖాస్తుల ప్రోగ్రాం ఆ పొద్దుననే పూర్తయింది. దరఖాస్తులకు సాయంత్రం అయిదింటితో గడువు సరి.

"ఏలియన్నా, మన దగ్గర మంచిగ నడుస్తుంది గదా!"

"సంఘం మిషన్‌ది వేరే ఆపరేటింగ్ సిస్టం చెల్లె."

"గదే ప్రోగ్రాం, గవే ఫంక్షన్లు. జర పరేషాన్ చెయ్యకు!"

వింటేగా! బస్సెక్కాడు. తిట్టుకుంటూ ఆమె కూడా ఎక్కింది.

సంఘంలో అందరికన్నా ముందు కూర్చున్నది లచ్చవ్వ. నలభై ఏండ్లు మగ్గాలకు నూలు కండెలు చుట్టిన మనిషి. పుట్టిన తేదీ 1-1-1962 అని నర్మద కొట్టగానే తెర మీద 'తేదీ చెల్లదు' అని వచ్చింది.

"అంటే నేను పుట్టనే లేదా బిడ్డా?" లచ్చవ్వ బెదిరిపోయింది. "ఇయ్యాల కాకుంటే పింఛను పోతదట!"

నర్మద మళ్లీ కొట్టి చూసింది, అదే వచ్చింది. "నా మిషన్ మీద నడిచిందే!"

"మన సిస్టంల తేదీ ఫంక్షన్ 1970 ముందటియి గూడ లెక్కగడ్తది. గీ సిస్టంల గదే ఫంక్షన్‌కు లెక్క 1970 నుంచే షురువు, అంతకుముందంటే చేతులెత్తేస్తది," అంటూ ఏలియా అప్పటికే కుర్చీ లాక్కున్నాడు. ఆ ఫంక్షన్‌ను పక్కనపెట్టి తేదీల లెక్క తానే రాశాడు. మధ్యాహ్నం రెండున్నరకు లచ్చవ్వ పుట్టింది.

"మా వాడకట్టంత జనవరి ఒకటికే పుట్టినం," అంది లచ్చవ్వ నవ్వుతూ. "ఆధార్ రాసినాయన పుణ్యం!"

తరువాతి పేరు కోసం నర్మద ఏలియా నోటుబుక్కు తెరిచింది. ఉత్త తేదీలుంటాయనుకుంది. 'లచ్చవ్వ, 1962. మోకాళ్ల నొప్పి, ఫస్టు పిలవాలె. నాగయ్య, 1958. చెవులు వినపడయ్, గట్టిగ చెప్పాలె.' అలా నలభైమంది. నాలుగు ఆదివారాలు ప్రార్థన కాగానే వచ్చి, ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నాడని లచ్చవ్వ చెప్పింది. ఆమెకు సిగ్గేసింది. ఈ పిచ్చి మనిషి మీద ప్రేమా పుట్టింది.

అయిదుకు పది నిమిషాలుండగా నలభయ్యో దరఖాస్తూ పోయింది. అంతలో ఆఫీసు నుంచి సారు ఫోను.

"నడిచిందా నర్మదా? అయితే ఖానాపూర్ సంఘానికి గూడ పంపెయ్!"

నర్మద ఏలియా వైపు చూసింది. అతను నోరు తెరవబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"గీ మిషన్ మీద నడిచింది సార్," అంది. "ఇంకో మిషన్ మీద ఇంకా చూడలే."