యాదగిరన్న చేతుల పసుపు

ఈ సాయంత్రం మా పక్కింటి యాదగిరన్న గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీ నుంచి వచ్చి, సీసాలో తెచ్చుకున్న సాల్వెంట్‌తో వాకిట్లో చేతులు రుద్దుకుంటున్నాడు. పనిలో అంటిన పసుపు రంగు సబ్బుకు లొంగదట. నాకు కోపం ఆగలేదు. రేపు ఫ్యాక్టరీ గేటు దగ్గర పంచడానికి మా కార్మిక సంఘం వేసిన కరపత్రంలో చదివిందంతా అక్కడే అందుకున్నాను.

"అన్నా, మన ఒంట్ల ప్రతి కణం చుట్టు కొవ్వు పొర ఉంటది. ఉప్పు లోపలికి పోవాల్నంటే ఆ పొరలున్న ప్రోటీన్ దర్వాజలకెల్లే పోవాలె. జిడ్డును కరిగించే గీ సాల్వెంట్‌కు దర్వాజ అక్కర్లే, కొవ్వులకెల్లి సీదా పోతది. నువ్వు చేతులు కడుగుతలేవ్, విషం తాగుతున్నవ్!"

"గందుకేనా వేళ్లు తిమ్మిరెక్కుతున్నయి? ఏం జేయాలె తమ్మీ, పసుపు చేతులు సూస్తే నా బిడ్డ దగ్గరికొస్తలేదు," అన్నాడాయన మెల్లగా.

సాల్వెంట్ సీసాకు మూత బిగించి పక్కన పెట్టాను. ఇంట్లోంచి పల్లినూనె, సబ్బు తెచ్చి ఇద్దరం అరగంట రుద్దాం. సగం రంగే పోయింది. గడపలో నిలబడి చూస్తున్న మూడేళ్ల పాప, నా చేతులకూ పసుపు అంటిందని నవ్వి, వచ్చి తండ్రి వేలు పట్టుకుంది.

రేపు ఫ్యాక్టరీ గేటు దగ్గర గ్లౌజుల కోసం గొంతు చించుకుంటాను. ఈలోగా రంగు పోయే ఉపాయం మీకు తెలిస్తే చెప్పండి. నా కరపత్రంలో అది లేదు.