ఒక్క పేరు కోసం అల్లవరం దాకా

చీనా దేశపు చరిత్రకారుడొకాయన పుణ్యమా అని నేను కోనసీమ చూశాను. నవ్వకండి, సంగతి వినండి. కోరంగిలో ఓడెక్కి బర్మాలోని మౌల్మేను వెళ్లి, కలప కొట్లో గుమస్తాగా కొన్నేళ్లు పనిచేశాను. పక్కింటి చీనా ముసలాయన సాయంత్రాలు తమ దేశపు పాత సంగతులు చెప్పేవాడు. రెండు వేల ఏళ్ల కిందట వాళ్ల ఆస్థానంలో ఒక చరిత్రకారుడుండేవాడట. వయసులో ఉండగా ఊరూరా తిరిగి, ముసలివాళ్ల దగ్గర కూర్చుని వెనకటి కబుర్లు అడిగేవాడట. తండ్రి పోతూ పోతూ చెయ్యి పట్టుకుని, తాను తలపెట్టిన చరిత్ర పూర్తి చెయ్యమని ఏడ్చాడట. తరవాత, ఓడిపోయిన సేనాపతి తరఫున నాలుగు మంచి మాటలన్న పాపానికి, చక్రవర్తి ఆయనకు నలుగురిలో తలెత్తుకోలేని శిక్ష వేశాడు. చావే నయమనిపించినా, పుస్తకం సగంలో ఉందని బతికాడు. రాజుల పక్కన వర్తకుల్నీ హాస్యగాళ్లనీ కూడా అందులోకి ఎక్కించాడు. అది విన్నాక నాకు మనసు నిలవలేదు. మనవాళ్ల సంగతి ఎవరు రాస్తారు? దేశానికి తిరిగొచ్చాక, నేను లేనప్పుడొచ్చిన ఉప్పెనలో పోయిన కోనసీమ సముద్రపు పల్లెవాళ్ల పేర్లయినా రాద్దామని బయల్దేరాను.

ఆనకట్ట కట్టాక ఈ దారి సులువైంది. తెల్లవారుతూనే ధవళేశ్వరంలో గోదావరి దాటి, బొబ్బర్లంక దగ్గర కాలవ పడవ ఎక్కాను. కేవు, అంటే పడవ కిరాయి, నాలుగణాలు. ఇద్దరు మనుషులు తాడు భుజాన వేసుకుని గట్టు మీద నడుస్తూ పడవను లాగారు. కొత్తపేటలో అరటిపళ్లు కొనుక్కోండి, ఆపైన తినడానికేమీ దొరకదు. రాత్రికి అమలాపురం సత్రంలో దిగి, మర్నాడు అల్లవరానికి ఎడ్లబండి మాట్లాడుకున్నాను.

"పేర్లు రాయడానికి ఇంత దూరం వచ్చేరాండీ?" అని బండి తోలే వెంకన్న ఆశ్చర్యపోయాడు. "అయితే సత్తెమ్మ గారింటికి పోదారండి. ఉప్పెన ముంచిన పల్లెలో మిగిలింది ఆవిడొక్కర్తేనండి."

సత్తెమ్మ పాక ముందు చాప వేసి కూర్చోబెట్టింది. ఒక్కో ఇల్లూ గుర్తు చేసుకుంటూ, పోయినవాళ్ల పేర్లు వరసగా చెప్పింది. తన ఇంటి దగ్గరకొచ్చేసరికి ఆగిపోయింది.

"మా ఆయన పేరూ రాయాలి బాబూ. అది తెలిసినోళ్లు ఇంకెవరూ లేరండి."

"చెప్పు మామ్మా."

"మొగుడి పేరు నోటితో ఎలా చెప్తానండీ?" అని లేచిపోయింది. కాసేపటికి ముంత తెచ్చి నా ముందు పెట్టింది. "ఎండన పడి వచ్చేరు. బియ్యపుముక్కల జావ తాగండి."

"నూకల జావే కదా?" అన్నాను. ఆమె చటుక్కున తల దించుకుంది. అప్పుడు మౌల్మేనులో చీనా ముసలాయన చెప్పిన మరో మాట గుర్తొచ్చింది. ఆ చరిత్రకారుడు, తన తండ్రి పేరే ఉన్న వేరే మనిషి గురించి రాయవలసి వస్తే, గౌరవం కొద్దీ ఆ పేరు మార్చి రాసేవాడట. ఈవిడా మొగుడి పేరులో ఉందనే 'నూక' అన్న మాట తప్పించింది, దొరికిందనుకుని, "నూకయ్య" అని రాసి, గొప్పగా చదివి వినిపించాను.

"కాదండీ బాబూ! అది మా పక్కింటాయన పేరండి. ఇందాక నోటితో అనలేక 'పక్కింటి పెద్దాయన' అనే చెప్పేను కదండీ!"

అమలాపురంలో తిరుగు పడవకు వేళవుతోందని వెంకన్న కేకేశాడు. లేవబోయాను గానీ, ఆమె ముఖం చూసి కూర్చుండిపోయాను. పొద్దు వాలేదాకా ఆమె పాత వల ఒకటి ముందేసుకుని బాగుచేస్తూ కూర్చుంది.

"ఉప్పెనొచ్చిన ఆవేళ పడవలు దింపేక గాలి మారిందండి," అంది చివరికి. "'ఇదుగో, ఎనక్కి రా' అని అరిచేను. ఒడ్డునున్న ఆడోళ్లందరం 'ఇదుగో, ఇదుగో' అనే అరిచేం. ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో ఆళ్లకెలా తెలుస్తాదండీ? ఒక్కరూ తిరగలేదు. పేరెట్టి పిలిస్తే తిరిగేవోడేమో."

సముద్రం వైపు తిరిగింది. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసి, "నూకరాజు" అంది. తరవాత కొంచెం గట్టిగా, పిలుస్తున్నట్టు, "నూకరాజూ!" అంది. నాకు ఏడుపు ఆగలేదు. వెంకన్న ఎడ్ల వైపు తిరిగి నిలబడ్డాడు.

చరిత్ర రాయడమంటే తెలిసిన సంగతులు పోగుచేయడమే అనుకునేవాణ్ణి. ఒక మనిషి చెప్పలేని మాట కోసం పక్కన కూర్చోవడం కూడా అందులో పనేనని అల్లవరంలో తెలిసింది. మీరూ ఈ దారిన వెళ్లదలిస్తే ఒక్క మాట: తిరుగు పడవ అదే రోజుకు మాట్లాడుకోకండి, రాత్రి అక్కడే ఉండేలా వెళ్లండి. ఆ పడవకు నేను వచ్చేసి ఉంటే, సత్తెమ్మ మొగుడు అని మాత్రమే రాసి ఉండేవాణ్ణి.