లారీ ట్యూబు సంచి

నా తుఫాను సంచిని నా కూతురు విప్పేసింది. నన్ను అడగలేదు. నేను ఊళ్ళో లేని రెండు దినాలు చూసుకుని విప్పేసింది.

ఇందులో ఏముంది, ఒక సంచే కదా అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళ ఇండ్లు సముద్రానికి ఎంత దూరమో ముందు నాకు చెప్పాలి. మా ఇల్లు మైలున్నర. మధ్యలో ఒక కాలవ, సరుగుడు తోపు, రొయ్యల గుంటలు. అంతే.

కోవూరులో మా తమ్ముడి మనవరాలి పెండ్లికి పోయి, మూడో రోజు పొద్దున పది గంటలకు ఇంటికొచ్చినాను. దండెం మీద నా సంచి ఆరేసి ఉంది, గేదె తోలు ఆరేసినట్టు. లోపలికి పోయి చూస్తే నడిమింట్లో కొక్కెం ఖాళీ. దాని కింద చాప, చాప మీద మూడు కుప్పలుగా నా సామాన్లు. మధ్యలో నా కూతురు. ఆమె గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు. అల్లుడు లారీ మీద తిరుగుతాడు, వారానికొకసారి వస్తాడు. వాళ్ళు మాతోనే ఉంటారు. డ్యూటీకి పోను తయారై, బ్యాగు భుజాన తగిలించుకుని, ఆ కుప్పల మధ్య గొంతుకూర్చుని ఉంది.

"ఏంది మా ఇది?"

"సర్దుతున్నా నాయనా."

"నన్నడక్కుండానా?"

"అడిగితే విప్పనిస్తావా?"

"ఇయ్యను."

"మరి?"

వంటింట్లోంచి నా భార్య గొంతు వచ్చింది. "ఇంకనైనా ఆ కొక్కేనికి ఫ్యాను తగిలించు. శ్లాబు పోసి పదిహేనేండ్లు. ఫ్యాను కొక్కేనికి సంచి కట్టుకుని, ఎండాకాలం దాని కింద విసనకర్రతో విసురుకునే కొంప ఈ జిల్లాలో మనదొక్కటే."

అది నిజమే. కానీ నేనడిగింది ఫ్యాను సంగతి కాదు.

"ముప్పై ఆరేండ్లు లేని అక్కర ఇప్పుడెందుకొచ్చింది? నీకెవరు చెప్పినారు విప్పమని?"

"బస్సు టైమైంది నాయనా," అని లేచి పోయింది.

ఆ ప్రశ్నకు జవాబు వచ్చేదానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నర సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

సంచి ఎందుకు పుట్టిందో చెప్పాలి. పాపకు మూడేండ్లప్పుడు మాకు తాటాకిల్లు. ఒక తుఫానుకు కాలవ పొంగి ఇంట్లోకి రొమ్ము లోతు నీళ్ళు వచ్చినాయి. ముగ్గురం చర్చిలోకి పోయినాం. ఊళ్ళో ఇటుక గోడలున్న కట్టడం అదొక్కటే. మూడు దినాలు అక్కడే. పాప ఒంటి మీద తడి గౌను, మార్చేదానికి ఇంకొకటి లేదు. పండ్లు టకటకా కొట్టుకుంటా నా ఒళ్ళో వణికింది. దాని తర్వాత జ్వరం, దాని తర్వాత దగ్గు. బతికింది. నీళ్ళు తీసినాక బియ్యం ఇస్తున్నారంటే వరసలో నిలబడినాను. కార్డు ఏదన్నాడు అక్కడి గుమాస్తా.

"కొట్టుకుపోయింది సార్."

"కార్డు లేకుంటే నువ్వెవరో నాకెట్ట తెలుస్తుంది?"

"నేను నేనే సార్."

"అందరూ అదే అంటారు. పక్కకు జరుగు."

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. అర్జీ రాయించుకునేదానికి ఒకాయన దగ్గరికి పోతే, ఆయన మా నాయన పేరు తప్పు రాసినాడు. దానితో ఇంకో నెల తిప్పించినారు. ఆ కోపంలోనే చదువు నేర్చుకున్నాను. చిల్లకూరు దగ్గర రోడ్డు మీద పంచర్లు వేసేవాణ్ణి. లారీ వెనక రాసినవి చూసి, ఇది ఏ అక్షరం అన్నా అని డ్రైవర్లను అడిగేవాణ్ణి. కొందరు చెప్పినారు, కొందరు నవ్వినారు. రెండేండ్లలో పేపరు చదివినాను. ఆ తర్వాత ఊళ్ళో అందరి అర్జీలూ నేనే రాసినాను. ఎవరి నాయన పేరూ తప్పు రాయలేదు.

సంచి కూడా అప్పుడే చేసినాను. పాత లారీ ట్యూబు నిలువునా కోసి, అంచుకు అంచు కలిపి సొల్యూషను పూసి, పైన ఇంకో పట్టీ వేడి మీద అతికించినాను. మూతి మడిచి కట్టేస్తే నీటి చుక్క పోదు. ప్రతి సెప్టెంబరులో దాన్ని దించేవాణ్ణి. లోపలి గుడ్డమూటను మూటగానే పక్కన పెట్టి, సంచికి గాలి కొట్టి, తొట్టిలో ముంచి, మూల మూలా నొక్కుతా బుడగలొస్తాయేమో చూసేవాణ్ణి. వచ్చిన చోట ప్యాచీ. ఎండకు పెట్టేది, మళ్ళా ముంచేది. తాళ్ళు మార్చేది, ఇంటి చుట్టూ గాడి తీసేది, రేడియో దగ్గర కూచునేది. నెల పట్టేది. కొత్తగా ఏదైనా పెట్టాలనుకుంటే మూట ముడి కొంచెం వదులు చేసి పైనుంచి దూర్చేవాణ్ణి.

ఇప్పుడు రాస్తుంటే నాకే తెలుస్తా ఉంది. ముప్పై ఆరేండ్లు సంచికి పంచరు చూసినాను. మూట విప్పి లోపలేముందో ఒక్కసారీ చూడలేదు.

కూతురు సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చినాక కుప్పల గురించి చెప్పింది. ఒకటి పారేసేది. ఒకటి పెట్టుకునేది. మూడోది ఏందో తెలియనిది.

"తెలియనిదంటే?"

"నువ్వు చెప్పాల." ఒక తాళంచెవి తీసి చూపించింది. "ఇది దేనిది నాయనా?"

"పాత ఇంటిది."

"పాత ఇంటికి తడిక కదయ్యా తలుపు," అనింది నా భార్య. "తడికకు తాళమేసినావా?"

నేను తాళంచెవి చేతిలోకి తీసుకున్నాను. ఇత్తడిది, బరువైంది. దాన్ని జాగ్రత్తగా దాచినట్టు గుర్తుంది. దేనికో గుర్తులేదు. నాకు పదేండ్లప్పటి సంగతులు కూడా నిన్నటివిలాగ చెప్పే మనిషిని నేను. రెండు దినాలు ఆలోచించినాను. ఇప్పటికీ తెలియలేదు.

తెల్లటి పొడి కక్కిన బ్యాటరీలు. రేడియో ముక్క. నా దగ్గర లేని స్టవ్వుకు పిన్నులు. మైనం పూసిన అగ్గిపెట్టెలు, గీస్తే ఒక్కటీ అంటుకోలేదు. అప్పుడెప్పుడో రద్దయిన కార్డు. బైబిలు మాత్రం బాగుంది, పాస్‌బుక్కు, ఇంటి పట్టా బాగున్నాయి. వాటి పక్కన గౌన్లు. మూడు. ఒకటి గులాబీ, ఒకటి పసుపు, ఒకటి చుక్కలది. మూడూ ఒకటే కొలత.

"ఇవి ఎవరికి నాయనా?"

"నీకు."

"నాకు నలభై వస్తా ఉండాయి."

"తొడుక్కో, పట్టుద్దేమో," అనింది వాళ్ళమ్మ.

వాళ్ళిద్దరూ నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. మొదటి గౌను తుఫాను పోయిన ఏడాది కొన్నాను. కొన్నాళ్ళకు గుడ్డ మెత్తబడి ఉంటుందని రెండోది కొన్నాను. మూడోది కొన్నప్పుడు పాప నర్సు చదువుకు నెల్లూరులో ఉంది. కొట్టులో మూడేండ్ల పిల్ల కొలత అడిగినాను. మనవరాలికా అన్నాడు కొట్టాయన. ఆఁ అన్నాను. అట్లా అన్నప్పుడైనా నాకు తట్టాల్సింది. తట్టలేదు. నేను పిచ్చివాణ్ణి కాను, ఊళ్ళో ఎవరినైనా అడగండి. ఆ కొట్టులో నిలబడినప్పుడు నా బుర్ర ఎక్కడుందో మాత్రం నాకు అర్థం కాదు.

కూతురు గౌన్లు మడిచి ఏ కుప్పలో పెట్టాలో తేల్చుకోలేక కాసేపు చేతిలోనే పట్టుకుని ఉండింది. తర్వాత తన బీరువాలో పెట్టుకుంది. ఆమె నవ్వడం ఎప్పుడు ఆపిందో నేను గమనించలేదు.

అయినా నా ప్రశ్న నా ప్రశ్నే. నా అనుమానం ఫోను మీద. అందులో ఎవరెవరో వచ్చి, వాడని సామాను పారేయండి, మనసు తేలికవుతుంది, టైము మిగుల్తుంది అని చెప్తా ఉంటారు. వాళ్ళ ఇంట్లోకి ఎన్నడైనా రొమ్ము లోతు నీళ్ళొచ్చినాయా? నోటితో అడిగితే కూతురు బస్సు టైమంటుంది. అందుకని పద్ధతి ప్రకారం అర్జీ రాసినాను. "విషయం: నా సంచి నా అనుమతి లేక విప్పిన దాని గురించి. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సదరు సంచి విప్పమని మీకు చెప్పినది ఎవరో తెలుపవలెను." కింద సంతకం. ఆమె టిఫిన్ బాక్సు కింద పెట్టినాను. మరుసటి రోజు బాక్సు పోయింది, కాగితం అక్కడే ఉంది. వారం చూసినాను. కాగితం మీద దుమ్ము పడింది గానీ జవాబు పడలేదు.

ఆ సెప్టెంబరు నాకు ఏం చేయాలో తోచలేదు. పొద్దున్నే లేచి కొక్కెం చూస్తాను. ముంచేదానికి ఏమీ లేదు, దండెం మీది సంచి పారేసే కుప్పతో పాటే పోయింది. తొట్టి దగ్గరికి పోయి వట్టిగా నిలబడి వస్తాను. ఒక దినం కుర్చీలో కూచుని లెక్కేసినాను. ఏడాదికి నెల చొప్పున ముప్పై ఆరు నెలలు. మూడేండ్లు ఒక రబ్బరు సంచిని నీళ్ళలో ముంచి ఎత్తినాను. అది తప్పో కాదో తెలియలేదు. తుఫానొచ్చి ఉంటే ఒప్పే కదా. వచ్చినాయి కూడా. కానీ వచ్చిన ప్రతిసారీ మూట ముడి వదులు చేసి పైనుంచి మేం బయటికి తీసింది ఏందని అడిగితే, పట్టా, బైబిలు. అంతే.

"అట్లా పైకి చూస్తా కూచుంటే మెడ పట్టేస్తుంది," అనింది నా భార్య. "పనేమీ లేదుగా?"

"లేదు."

"అయితే అచ్చరాలు చెప్పు."

ఆమె ఇది అడగడం మొదటిసారి కాదు. ప్రతి ఆదివారం చర్చిలో పాట నంబరు చెప్తారు. అందరూ పుస్తకం తిప్పుతారు. ఈమె పుస్తకాన్ని మూసి గుండెకు పెట్టుకుని నోటికొచ్చినవి పాడుతుంది. నోటికి రాని పాటకు పెదవులు కదుపుతుంది. పెండ్లయిన కొత్తలో అడిగినప్పుడు నాకే రాదు. వచ్చినాక అడిగింది. వానలు పోనీ అన్నాను. వానలు పోతే పంచరు షాపులో పని. మళ్ళా సెప్టెంబరు. వానలు పోనీ.

"వానలు పోనీ," అనబోయినాను. అలవాటు.

"ఏ వానలు? సంచి ఏదీ?" అనింది.

సుద్దముక్క తెచ్చి నడిమింట్లో గచ్చు మీద రాసినాను. కోపంగానే మొదలు పెట్టినాను. మధ్యాహ్నం రెండు గంటలు, రోజూ. వత్తులు వచ్చేసరికి నా గొంతు పెరిగేది. ఆమె తుడిచి మళ్ళా రాసేది. "లారీ డ్రైవర్లు నీతో ఇట్లే అరిచినారా?" అని ఒకసారి అడిగింది. లేదు. వాళ్ళు అరవలేదు.

అక్టోబరు చివర్లో వాయుగుండం అన్నారు. కాలవ పక్కనున్నవాళ్ళంతా తుఫాను షెల్టరుకు పోవాలని మైకులో చెప్పినారు. సంచి లేదు. ఏం పెట్టాలి, దేంట్లో పెట్టాలి? ఇంట్లో అటూ ఇటూ తిరిగినాను. చేతికి తాళంచెవి దొరికితే అదే జేబులో వేసుకున్నాను. ఎందుకో అడగొద్దు.

కూతురికి ఆసుపత్రిలో డ్యూటీ. మేమిద్దరమే పోయినాం. నా భార్య భుజాన చిన్న ప్లాస్టిక్ బ్యాగు. షెల్టరులో కూచున్నాక అందులోంచి నా కండ్లద్దాలు తీసి ఇచ్చింది. రాత్రి బీపీ మాత్ర, నీళ్ళు. పట్టా, ఆధారు కార్డులు ఒక కవర్లో. నా పొడి పంచె. అరచేతి మందం లేదు బ్యాగు.

"ఎవరు సర్దినారు?"

"ఉంటే వాడుకో, ఎవరు సర్దితే ఏం."

నా సంచిలో మాత్రలు ఎప్పుడూ లేవు. అద్దాలూ లేవు. ముప్పై ఏండ్ల మనిషికి కట్టిన మూట అది. అందులో ఈ ముసలాయనకు ఒక్క వస్తువు లేదు. ఈ సంగతి ఎవరూ నాకు చెప్పలేదు. అక్కడ చాప మీద కూచుని, మాత్ర మింగినాక, నాకే తట్టింది. అయినా అడగకుండా విప్పడం తప్పే.

మరుసటి రోజు వాన కురుస్తా ఉంది, గాలి పెద్దగా లేదు. చేసేదేమీ లేక ఆమె ఎదురుగోడ మీది పెద్ద అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంది. మ, రు, గు. తర్వాత చాలాసేపు ఆగింది. దొ. డ్లు.

"మరుగుదొడ్లు," అనింది. "ఇదా నువ్వు ఇన్నేండ్లు దాచిపెట్టుకున్న చదువు?"

పక్క చాపలవాళ్ళు పగలబడి నవ్వినారు. నేనూ నవ్వినాను. తర్వాత నాకు ఏడుపొచ్చింది. అది ఎందుకో కూడా తెలియలేదు.

వాయుగుండం అటు తిరిగి ఎక్కడో తీరం దాటింది. ఇంట్లో నీళ్ళు రాలేదు. మూడో రోజు ఇంటికొచ్చి, పేపరు చూద్దామని అద్దాల పెట్టె తెరిస్తే, అందులో మడిచిన కాగితం ఉంది. టిఫిన్ బాక్సు దగ్గర దుమ్ము పట్టిన నా అర్జీ. వెనక వైపు పెన్సిలుతో, ఒక్కో అక్షరం బొటనవేలంత లావున, గీత కిందికి జారతా, నాలుగు వరసల్లో రాసి ఉంది. అది నా కూతురి చేతిరాత కాదు.

"విప్పమని చెప్పింది నేనే. ఆ నెల నాకు కావాల్సి వచ్చింది. వానలు పోయినాయి. ఫ్యాను ఎప్పుడు తెస్తావు?"